మానిటరు నుదుటి బొట్టు

దక్షిణామూర్తికి ఈ భూమ్మీద రెండే రెండు భయాలు. ఒకటి ఆఫీసులో ముదీరు, అంటే మేనేజరు, రెండోది స్టాటిస్టిక్స్. ముదీరు రోజూ కనిపించే మనిషి కాబట్టి ఆ భయం ఎప్పుడో అరిగిపోయింది. స్టాటిస్టిక్స్‌ను మాత్రం కాకినాడలోనే వదిలేసి విమానమెక్కాడు. పీడా పోయింది, ఇక దాని మొహం చూడక్కర్లేదనుకున్నాడు. పాతికేళ్ళ తర్వాత అది దుబాయ్ కరామాలో తన మూడో అంతస్తు ఫ్లాటు వెతుక్కుంటూ వస్తుందని, అదీ కట్టుకున్న పెళ్ళాం పిలిస్తే వస్తుందని కల్లో కూడా అనుకోలేదు.

అసలు సంగతి ముందే చెప్పేస్తే పోతుంది. దక్షిణామూర్తి బి.కామ్ పాసవలేదు. రెండో ఏడు స్టాటిస్టిక్స్ తప్పాడు. మళ్ళీ కట్టాడు, మళ్ళీ తప్పాడు. ఇంకోసారి కట్టేలోపు పెళ్ళిచూపులొచ్చిపడ్డాయి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. దక్షిణామూర్తి మేనమామ అంత శ్రమ కూడా పడలేదు, ఒకే ఒక్కటి ఆడి ఊరుకున్నాడు: మావాడు బి.కామ్. పిల్ల తరఫువాళ్ళు సంతోషించారు, బూందీ తిన్నారు, ముహూర్తం పెట్టేసుకున్నారు. ఆనాటి నుంచి ఆ ఒక్క అబద్ధానికి దక్షిణామూర్తి కాపలా కాస్తూనే ఉన్నాడు. సీతాదేవికి తెలియకూడదు. అదొక్కటే అతని జీవితాశయం.

దుబాయ్ వచ్చి సింకులూ కుళాయిలూ అమ్మే కంపెనీలో స్టోర్‌కీపరుగా చేరాడు. అకౌంట్స్ చూసే మలయాళీ ఒకరోజు చెప్పాపెట్టకుండా కెనడా వెళ్ళిపోతే, ఖాళీ కుర్చీ కదా అని కాసేపు కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. లెక్క ఎక్కడ తప్పిందో వాసన చూసి పట్టేస్తాడు. ఎందుకు తప్పిందో పుస్తకం భాషలో చెప్పమంటే మాత్రం నీళ్ళు నములుతాడు. బయట మాత్రం అతని బి.కామ్ ఏటికేడాది బలిసింది. వినాయకచవితి పందిట్లో "మా బి.కామ్ రోజుల్లో" అని మొదలుపెట్టాడంటే చాలు, పక్కవాళ్ళు పులిహోర ప్లేట్లు పట్టుకుని మెల్లిగా జారుకునేవారు. జారుకోకుండా కూర్చునేది సీతాదేవి ఒక్కతే. పాపం, ఆవిడ ఇంటికి వెళ్ళాల్సింది ఆ కారులోనే.

కూతురు తన్మయి చదువుకని హైదరాబాదు వెళ్ళి హాస్టల్లో చేరాక ఇంట్లో సందడి తగ్గింది. ఒక పొద్దున సీతాదేవి కాఫీ గ్లాసు మొగుడి చేతికిచ్చి, తను ఆన్‌లైన్‌లో డిగ్రీ చదవబోతున్నానని చెప్పింది. ఇండియాలోని ఏదో యూనివర్సిటీ వాళ్ళు ఇంట్లో కూర్చోబెట్టే పాఠాలు చెప్పి పట్టా ఇస్తున్నారట. పేరు కూడా నమోదు చేయించేసుకుంది.

భేషుగ్గా ఉందన్నాడు దక్షిణామూర్తి. ఆడవాళ్ళు చదువుకోవాలన్నాడు. తెలుగైతే బావుంటుంది, చరిత్రైనా పర్వాలేదన్నాడు.

"బి.కామ్ తీసుకున్నానండీ," అంది సీతాదేవి. "ఇంట్లోనే మాస్టారుండగా వేరేది ఎందుకు? సాయంత్రం పూట ఒక్క గంట మీరు చెబితే చాలు."

కాఫీ దారితప్పి ముక్కులోకి వెళ్ళింది. దగ్గీ దగ్గీ కళ్ళనీళ్ళు తుడుచుకుంటుంటే, ఆనందం పట్టలేకపోతున్నాడనుకుందేమో, సీతాదేవి వీపు నిమిరింది.

ఆ రోజు నుంచి దక్షిణామూర్తి బుర్ర పాదరసంలా పనిచెయ్యడం మొదలుపెట్టింది. అంత చురుగ్గా ఆనాడు చదివి ఉంటే స్టాటిస్టిక్స్ ఏం ఖర్మ, యూనివర్సిటీకే మొదటివాడయ్యేవాడు. ఈ దేశంలో వీడియో కాల్స్ పనిచెయ్యవు కదా అన్నాడు. అవి ఫోన్లో కబుర్లు చెప్పుకునేవి, క్లాసులవి బ్రహ్మాండంగా పనిచేస్తాయని ఆవిడ కనుక్కునే ఉంది. స్క్రీను చూస్తే కళ్ళు పోతాయన్నాడు. అద్దాలు మార్పించుకుని వచ్చింది. ఇక మిగిలింది అతని బ్రహ్మాస్త్రం: వచ్చే ఏడు చూద్దాంలే. ఈ మాట సీతాదేవి కుట్టుమిషను గురించి విన్నది, కాశీయాత్ర గురించి విన్నది, వంటింటి కిటికీకి తెర గురించి కూడా విన్నది. ఆ తెర ఇప్పటికీ రాలేదు. అందుకని ఈసారి వినిపించుకోలేదు.

యూనివర్సిటీ వాళ్ళు ఒకే ఒక మెలిక పెట్టారు. చేరేది, రేపు పరీక్ష రాసేది ఒకే మనిషని తేలాలి కాబట్టి, కెమెరా ఉన్న కంప్యూటరు ముందు కూర్చుని ఇంటర్వ్యూ ఇవ్వాలి. ఫోను పనికిరాదు. శనివారం పొద్దున ఇంటర్వ్యూ. ఆవేళకి మొహం కనిపించకపోతే సీటు వచ్చే ఏటికి పోతుంది. వచ్చే ఏడు అనే మాట వాళ్ళ నోట కూడా వినగానే సీతాదేవికి ఒళ్ళు మండింది. ఇంటర్వ్యూకి ఇంకా వారం ఉండగానే మొగుణ్ణి లాక్కుని బర్‌దుబాయ్‌లో కంప్యూటర్లమ్మే వీధికి నడిచింది.

పెద్ద మానిటరు కొన్నారు. కెమెరా పైన అంచులోనే ఉందని దుకాణంవాడు వేలు పెట్టి చూపించాడు. ఆవగింజంత ఉంది. సీతాదేవి అప్పుడు కీబోర్డు మీద తెలుగు అక్షరాలు లేవేమిటా అని చూస్తోంది. దక్షిణామూర్తి బేరమాడుతున్నాడు.

ఇంటికి తెచ్చాక ఎక్కడ పెట్టాలన్నది పెద్ద పంచాయితీ అయింది. ఎదురు ఫ్లాటు విజయదుర్గ గుంటూరు మనిషి, కరామాలో సగం తెలుగిళ్ళకు వాస్తు చెప్పేది ఆవిడే. చదువుకునేవాళ్ళు తూర్పుమొహం పెట్టి కూర్చోవాలని తేల్చింది. హాల్లో తూర్పుగోడకి వంటింటి గుమ్మం పక్కన ఫ్రిజ్జుంది. ఫ్రిజ్జు పడగ్గదిలోకి నడిచింది, దాని జాగాలోకి కంప్యూటరు బల్ల వచ్చింది. ఇంటర్నెట్ డబ్బా పడమటి గోడకి ఉండటంతో వైరు హాలంతా అడ్డంగా పాకింది. దక్షిణామూర్తి దాన్ని ఒకసారి తన్నుకుని పడి, లేచి, అట్టపెట్టెలకేసే గోధుమరంగు టేపు పెట్టి నేలకి అంటించేశాడు. ఆ రాత్రి నుంచి మంచం పక్కన ఫ్రిజ్జు గుర్రుపెట్టడం మొదలుపెట్టింది. చదువంటే మాటలా మరి.

తర్వాత పూజ. కొత్త వస్తువు ఇంటికొచ్చాక పూజ చెయ్యకుండా స్విచ్చి వేస్తే విజయదుర్గ ఊరుకుంటుందా? బాల్కనీలో కొబ్బరికాయ కొట్టారు. కర్పూరం వెలిగించి, పొగకి అలారం మోగుతుందేమోనని హారతి బెదురుబెదురుగా ఇచ్చారు. నిమ్మకాయ తొక్కించాలంటే కంప్యూటరుకు చక్రాలు లేవు. కాసేపు తర్జనభర్జన పడి, నిమ్మకాయను బల్ల మీద పెట్టి మౌసుతో తొక్కించారు. అప్పుడు సీతాదేవి గంధం గిన్నె తీసుకుని కీబోర్డుకు బొట్టు పెట్టింది, మౌసుకు పెట్టింది, కింద సీపీయూ డబ్బాకు పెట్టింది. చివర్న మానిటరుకు, పైన నడిమధ్యన, నుదురు ఎక్కడుండాలో సరిగ్గా అక్కడ, చిక్కటి గంధమద్ది దాని మీద కుంకుమ పెట్టింది. కళ్ళకద్దుకుంది.

కెమెరా కూడా సరిగ్గా అక్కడే ఉంది. తయారుచేసినవాళ్ళు మహా తెలివైనవాళ్ళే, మనిషి మొహం చూడాలంటే కన్ను ఎక్కడుండాలో లెక్కకట్టి పెట్టారు. ఖాళీ నుదురు కనిపిస్తే మనవాళ్ళు ఊరుకోరన్న సంగతి ఒక్కటి వాళ్ళకెవరూ చెప్పలేదు.

స్విచ్చి వేశారు. అన్నీ వచ్చాయి. కెమెరా పరీక్షించుకోమని యూనివర్సిటీ వాళ్ళిచ్చిన కిటికీ స్క్రీను మీద తెరిస్తే మాత్రం సీతాదేవి మొహం ఉండాల్సిన చోట చిమ్మచీకటి. ఆవిడ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. కెమెరాకు ఏమైనా అడ్డం ఉందేమో చూడండమ్మా అన్నాడు అవతలి కుర్రాడు. సీతాదేవి చూసింది. విజయదుర్గ చూసింది. దక్షిణామూర్తి కళ్ళజోడు పైకెత్తి మరీ చూశాడు. ఏమీ లేదన్నారు ముగ్గురూ. వాళ్ళు అబద్ధమాడలేదు. ఆ ఇంట్లో ఫ్రిజ్జుకి బొట్టుంది, వాషింగ్ మెషీనుకి బొట్టుంది, గ్యాసు సిలిండరుకి, బియ్యం డ్రమ్ముకి, కింద పార్కింగులో ఉన్న కారుకి కూడా బొట్టుంది. మనవాళ్ళ కళ్ళకి బొట్టు కనిపించదు, లేకపోతేనే కనిపిస్తుంది.

ఆ సాయంత్రం దక్షిణామూర్తి తన ఆఫీసులో కంప్యూటర్లు చూసే మహీధర్‌ను పిలుచుకొచ్చాడు. వరంగల్ కుర్రాడు, భక్తిపరుడు. వస్తూనే మానిటరు బొట్టుకు దణ్ణం పెట్టుకుని మరీ కూర్చున్నాడు. డ్రైవరు పాడైందన్నాడు. కంప్యూటరుకు డ్రైవరేమిటని సీతాదేవి అడగబోయి, చదువుకోబోయే మనిషినన్నది గుర్తొచ్చి ఊరుకుంది. మహీధర్ డ్రైవర్లు తీశాడు, కొత్తవి వేశాడు, పెసరట్లు తిన్నాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ వేశాడు. చీకటి చీకటిలాగే ఉంది.

"పరేషాన్ కాకుండ్రి వదినా," అన్నాడు వెళ్తూ. "రాత్రి అప్‌డేట్ అయితది. పొద్దుగాల అన్న ఒకసారి ఆన్ చేసి చూస్తడు."

మర్నాడు పొద్దున సీతాదేవి కిందున్న బకాలా కొట్టుకు పాలకోసం వెళ్ళింది. దక్షిణామూర్తి కళ్ళు నులుముకుంటూ, లుంగీ ఎగ్గట్టుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆన్ చేశాడు. చీకటి. అసలు ఆ దిక్కుమాలిన కెమెరా ఎక్కడేడిసిందో చూద్దామని ముందుకు వంగాడు. దుకాణంవాడు వేలు పెట్టిన చోటు జ్ఞాపకం తెచ్చుకున్నాడు. అక్కడ బొట్టుంది. చూపుడువేలి గోటితో ఒక అంచు గీకాడు. ఎండిన గంధం పెచ్చుగా ఊడి కీబోర్డు మీద పడింది. స్క్రీను మీద ఇంత లావు ముక్కొకటి ప్రత్యక్షమైంది. అదిరిపడి వెనక్కి జరిగితే ఆ ముక్కుకు మొహం కూడా వచ్చింది. తనదే.

"సీతా" అని అరవబోయాడు. నిజంగానే అరవబోయాడు, ఆ మాత్రం మంచి అతనిలో ఉంది. నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోరు స్క్రీను మీద కనిపించింది. ఆ నోటినే చూస్తూ ఆలోచనలో పడ్డాడు. కెమెరా పనిచేస్తే ఇంటర్వ్యూ అవుతుంది. ఇంటర్వ్యూ అయితే సీటొస్తుంది. సీటొస్తే పాఠాలొస్తాయి, సాయంత్రం గంట వస్తుంది, ఇవాళ కాకపోతే రేపు స్టాటిస్టిక్స్ వస్తుంది. ఇది చెప్పండి అంటుంది. బి.కామ్ కదండీ అంటుంది.

నోరు మూసుకున్నాడు. పూజ అల్మారా దగ్గరికెళ్ళి గంధం కలిపాడు. బొటనవేలితో ఇంత తీసుకుని మానిటరు నుదుట దిట్టంగా మెత్తాడు, మీద కుంకుమ అద్దాడు. స్నానం చెయ్యకుండా దేవుడి గంధం ముట్టుకోవడం అతని జన్మలో అదే మొదలు. తాళం తిరిగిన చప్పుడు వినేసరికి బాత్రూములో దూరి, అవసరం లేకపోయినా గడ్డం గీసుకున్నాడు.

అక్కణ్ణుంచి మొదలైంది అవస్థ. మహీధర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి కంప్యూటరంతా తుడిచిపెట్టి మొదట్నుంచి ఎక్కించాడు. పులుసు బాగుందన్నాడు. ఆఖరికి చేతులెత్తేశాడు.

"కెమెరా ఖలాస్ అన్నా," అన్నాడు. "గిది ఇగ లేవదు. బయట నుంచి పెట్టే చిన్న కెమెరా ఒకటి తెచ్చుకోండ్రి."

తెస్తానన్నాడు దక్షిణామూర్తి. ఆ సాయంత్రం మర్చిపోయానన్నాడు. మర్నాడు దుకాణం కట్టేసుందన్నాడు. ఆ వీధిలో ఉన్నవన్నీ కంప్యూటరు దుకాణాలే, అన్నీ ఒకేసారి కట్టేశారా అని సీతాదేవి అడగలేదు. శుక్రవారం విజయదుర్గను తోడు తీసుకుని నేనే వెళ్తాలెండి అంది. విజయదుర్గ ఇది దిష్టి తప్ప మరోటి కాదని మానిటరు చుట్టూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి, సింకులో పోసి నీళ్ళు వదిలింది.

దక్షిణామూర్తి అన్నిటికీ తట్టుకున్నాడు గానీ ఒక్కదానికి తట్టుకోలేకపోయాడు. సీతాదేవి ఇంటర్వ్యూకి సాధన చేసేది. గిన్నెలు కడగడమయ్యాక చీర సర్దుకుని, ఆ చీకటి కిటికీ తెరుచుకుని దాని ముందు కూర్చునేది. కనిపించని తన మొహానికే నమస్కారం పెట్టి, నా పేరు సీతాదేవండీ, మాది కాకినాడండీ అని చెప్పుకునేది. ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి తెలుగులో. పడగ్గదిలో ఫ్రిజ్జు పక్కన మంచం మీద కూర్చుని దక్షిణామూర్తికి అంతా వినబడేది. లేచి వెళ్ళి తుడిచేద్దామా అని ఎన్నిసార్లు కాళ్ళు కింద పెట్టాడో, అన్నిసార్లూ మళ్ళీ పైకి పెట్టుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు, కానీ ఆ సిగ్గు కన్నా పాతికేళ్ళ సిగ్గు పెద్దది.

గురువారం భోజనాల దగ్గర ఒక రాయి వేసి చూశాడు. మన రాతలో ఉందో లేదో, ఇన్ని అడ్డంకులొస్తున్నాయంటే ఆ పైవాడి ఉద్దేశం ఏమిటో, వచ్చే ఏడు చూసుకుంటే పోలా అన్నాడు. సీతాదేవి పెరుగు గిన్నె అతని ముందు పెట్టి లేచి వెళ్ళిపోయింది. ఎప్పుడూ వడ్డించే మనిషి వడ్డించకుండా వెళ్ళేసరికి దక్షిణామూర్తి పెరుగు ముట్టుకోకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

శుక్రవారం అతనికి ఒంటిపూట ఆఫీసు. మధ్యాహ్నం ఎండలో చెమటలు కక్కుకుంటూ మెట్లెక్కి, తలుపు తీసి, బూట్లు చేత్తో పట్టుకుని హాల్లోకి అడుగుపెట్టాడు. ఎదురుగా మానిటరు వెలుగుతోంది. అందులో బట్టతలతో ఒక మనిషి బూట్లు చేత్తో పట్టుకుని దొంగలా నిలబడి ఉన్నాడు. దక్షిణామూర్తి ఆగిపోయాడు. ఆ మనిషీ ఆగిపోయాడు.

నడిమధ్యన ఉండాల్సిన బొట్టు అక్కడ లేదు. కుడివైపు మూలకు జరిగి, కణత దగ్గర కొత్తగా, చిన్నగా, గుండ్రంగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి. శుక్రవారం శుక్రవారం సీతాదేవి తడిగుడ్డ పట్టుకుని ఇంట్లో ఉన్న బొట్లన్నీ తుడిచి కొత్తవి పెడుతుంది. గడప నుంచి గ్యాసు సిలిండరు దాకా. పాతికేళ్ళుగా చేస్తోంది, పాతికేళ్ళుగా చూస్తున్నాడు. ఇంత కుట్ర పన్నినవాడికి అదొక్కటీ తట్టలేదు.

సీతాదేవి వంటింట్లోంచి వచ్చి, కాళ్ళు కడుక్కోండి, అన్నం పెడతానంది.

కెమెరా బాగైందా అని అడిగాడు.

తుడిస్తే బాగైందని చెప్పింది. వడ్డించింది. వంకాయకూర, చారు, అప్పడం. అతను రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా, చారు గరిటె గిన్నెలో పెడుతూ అంది.

"నేను బొట్టు ఉంగరంవేలితో పెడతానండీ. అది బొటనవేలి బొట్టు."

అంతే. తిట్టలేదు, ఏడవలేదు, ఎందుకు చేశారని అడగలేదు. అడిగితే ఏదో ఒక అబద్ధం ఆడి బయటపడేవాడు. ఆ సాయంత్రమంతా చెప్పుకోడానికి ఒక కారణం వెతుక్కున్నాడు. కెమెరా వేడెక్కుతుందేమోనని, దిష్టి తగులుతుందేమోనని, శాస్త్రమని. ఏ కారణం పట్టుకు లాగినా దాని కొసన బి.కామ్ వేలాడుతోంది. రాత్రంతా ఫ్రిజ్జూ అతనూ మేలుకునే ఉన్నారు.

శనివారం పొద్దున తనే వంట చేస్తానన్నాడు. సీతాదేవి వద్దనలేదు. ఇంటర్వ్యూ టైములో హాల్లో ఇంకో మనిషి ఉండకూడదు, ఇంకో గొంతు వినపడకూడదు, వినపడితే ఆపేస్తారని మాత్రం చెప్పింది. కిందికెళ్ళి కూర్చుందామంటే ఆగస్టు ఎండ. వంటింటికి తలుపు లేదు, గుమ్మమే. కాబట్టి ఒక మూలకు ఒదిగి, కంప్యూటరు కంట పడకుండా, నోరెత్తకుండా ఉండాలి. నోరెత్తకుండా ఉండటం దక్షిణామూర్తికి అలవాటు లేని విద్య. ఐనా సరేనన్నాడు. కందిపప్పు కడిగి, కుక్కర్లో పోసి, మూతపెట్టి, పొయ్యి వెలిగించి మూల నిలబడ్డాడు.

ఇంటర్వ్యూ మొదలైంది. అవతల మాట్లాడేది తెలుగావిడే. కెమెరా చుట్టూ తిప్పి గది చూపించమంది. సీతాదేవి మానిటరును బల్ల మీద గుండ్రంగా తిప్పింది. పేరు, ఊరు, ఇంటర్ ఎప్పుడు పాసయ్యారు, అన్నీ అయ్యాయి. మధ్యలో ఏసీ మీద పావురం ఒకటి రెక్కలు టపటపలాడించింది. ఏమిటా చప్పుడని అడిగిందావిడ. ఇంకొక్కసారి ఇలా ఏదైనా వినిపిస్తే ఆపేయక తప్పదమ్మా, రూలు అలా ఉంది, మీరు మళ్ళీ వచ్చే ఏడే రావాలని చెప్పింది.

దక్షిణామూర్తి కుక్కరు వైపు చూశాడు. ఆవిరి సన్నగా బుసకొట్టడం మొదలైంది. విజిల్ అన్నదొకటి ఉంటుందని అప్పుడు తట్టింది. పొయ్యి కట్టేద్దామని చెయ్యి చాచాడు.

"ఇంత కాలానికి చదువుతున్నారు కదా," అంటోంది అవతలావిడ. "కామర్సే ఎందుకమ్మా?"

చెయ్యి గాల్లో ఆగిపోయింది. మా ఆయన బి.కామ్, ఆయన చెబుతారు అంటుంది. యూనివర్సిటీ వాళ్ళ ముందు కూడా ఆ అబద్ధం రికార్డయిపోతుంది.

"ఇంటరయ్యాక డిగ్రీలో చేర్పించమన్నానండీ," అంది సీతాదేవి. "మా నాన్న పెళ్ళి కుదిర్చేశారు. అబ్బాయి బి.కామే, ఇంటికొక బి.కామ్ చాల్లేవే అన్నారు. కాపురానికొచ్చిన కొత్తల్లోనే మా ఆడపడుచు నోరుజారింది, ఆయన పాసవలేదని."

 దక్షిణామూర్తి వంటగట్టు పట్టుకున్నాడు. కొత్తల్లోనే. అంటే వినాయకచవితి పందిళ్ళన్నిట్లోనూ. మా బి.కామ్ రోజుల్లో అన్న ప్రతిసారీ. పక్కనే కూర్చుని, తల ఊపుతూ, అన్నీ తెలిసే విన్నది.

కుక్కరు మీద బరువు కదలడం మొదలుపెట్టింది. అటూ ఇటూ ఊగుతోంది. ఇంకో క్షణంలో కూస్తుంది. కూస్తే అక్కడితో ఆగిపోతుంది. సీతాదేవి ఇంకొక్క మాట చెప్పదు, పరాయివాళ్ళెవరూ వినరు, స్టాటిస్టిక్స్ రాదు. అతను ఏమీ చెయ్యనక్కర్లేదు. కుక్కరు కూస్తే అతని తప్పా? పప్పు ఉడికితే కుక్కరు కూస్తుంది, లోకంలో ఎవరింట్లోనైనా కూస్తుంది.

"నేనెవరికీ చెప్పలేదండీ," అంటోంది సీతాదేవి. "చెబితే మా నాన్న ముందు ఆయన తల దించుకోవాలి. అది నాకిష్టం లేకపోయింది. ఇప్పుడు మా నాన్న లేరు లెండి. ఇంటికొక బి.కామ్ అన్నారుగా, ఆ ఒక్కటి లేకుండా పోయింది. అది నేనవుదామని."

దక్షిణామూర్తి పొయ్యి కట్టేశాడు. భుజం మీది తువ్వాలు నీళ్ళలో ముంచి, పిండి, కుక్కరు మీద మెత్తగా కప్పి రెండు చేతులతో పట్టుకున్నాడు. చెయ్యి కాలింది. అమ్మా అనలేదు. ఆవిరి ఉస్సురని ఒక్కసారి తువ్వాల్లోంచి వచ్చి అణిగిపోయింది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. ముక్కు చీదితే వినపడుతుందని చీదలేదు.

 అవతలావిడ నవ్విందో, గొంతు సవరించుకుందో, సీటు ఖాయమేనమ్మా, సోమవారం నుంచి పాఠాలు అంది. సీతాదేవి నమస్కారం పెట్టింది. ఈసారి ఆ నమస్కారం స్క్రీను మీద కనిపించే ఉంటుంది.

కంప్యూటరు కట్టేసి వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది. మొగుణ్ణి చూసింది, తువ్వాలు కప్పిన కుక్కరును చూసింది, ఎర్రబడిన అతని చేతులు చూసింది.

"అయిపోయిందండీ. ఇప్పుడు మాట్లాడొచ్చు."

దక్షిణామూర్తి నోరు తెరిచాడు. ఎన్ని సభల్లో ఎంత మందిని జారుకునేలా చేసిన నోరది. "స్టాటిస్టిక్స్" అని ఒక్క మాట వచ్చింది, దాని వెనక ఇంకేమీ రాలేదు.

"అది రెండో ఏడులెండి," అంది సీతాదేవి. అతని చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టి నీళ్ళు తిప్పింది. "ముందు అకౌంట్స్ చెప్పండి. అది మీకొచ్చుగా."